మన దస్కతుతోనే లోపలికొచ్చిన దొంగ



హైజాక్ అన్న మాట మన ఊళ్ళకు విమానాల వార్తలతో వచ్చింది. 1971 జనవరిలో శ్రీనగర్ నుంచి బయలుదేరిన గంగ అనే విమానాన్ని లాహోరుకు మళ్ళించినప్పుడు మన పెద్దలు ఈ మాట విన్నారు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి ఢిల్లీకి రావలసిన విమానాన్ని కాందహారుకు తీసుకుపోయినప్పుడు చిన్నపిల్లలకు కూడా ఇది తెలిసిపోయింది. అంతకు ఎంతో ముందు, 1920లలో అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో, దొంగసారా లారీలను దారికాచి ఎత్తుకుపోవడాన్ని ఈ మాటతో పిలిచేవారు. లారీ అయినా విమానమైనా సంగతి ఒకటే. మనం ఒక ఊరికని బయలుదేరుతాం, బండి ఇంకో ఊరికి పోతుంది.

ఇంట్లో కంప్యూటర్ మీద ఇంటర్నెట్ చూడడానికి వాడే బ్రౌజర్ కూడా అటువంటి బండే. దాన్ని దారి మళ్ళించే ప్రోగ్రాములను బ్రౌజర్ హైజాకర్లు అంటారు. వాటి చరిత్రను ఈనాటి ప్రసంగంలో మీ ముందు పెడతాను. కంప్యూటర్ బాగుచేసే సంగతికి చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. ఈ దొంగ కిటికీ ఊచలు వంచి రాలేదు. మన చేత దస్కతు చేయించుకుని, వాకిలి గుండా వచ్చాడు. ఆ దస్కతు ఎట్లా చేయించుకున్నాడో తెలిస్తే తప్ప, ఇవాళ తీసేసినా రేపు మళ్ళీ వస్తాడు.

ఉమ్రివాళ్ళకు దోపిడీ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 1948 జనవరిలో, నిజాం పాలనకు ఎదురుతిరిగి పోరాడుతున్నవాళ్ళు ఇక్కడి బ్యాంకు మీద దాడి చేసి లక్షల రూపాయలు పట్టుకుపోయారు. మరాఠ్వాడా విముక్తి చరిత్రలో మన ఊరి పేరు నిలిచింది ఆ దాడి వల్లనే. దాడి జరిగిన సంగతి ఊరంతటికీ తెలిసింది, ఎందుకు జరిగిందో కూడా తెలిసింది. నేను చెప్పబోయే దానిలో ఏం పోయిందో ఇంటాయనకు తెలియదు. అసలు పోయిందనే తెలియదు.

కంప్యూటర్ ఉన్న ఇళ్ళలో నేను తరచుగా వినే మాట ఒకటుంది. "నేనేం ముట్టలె సారూ, దానంతట అదే మారింది." మరాఠీ ఇంట్లో అయితే 'గురూజీ' అని పిలిచి ఇదే మాట మరాఠీలో అంటారు. బ్రౌజర్ తెరవగానే రోజూ వచ్చే పేజీకి బదులు పేరు వినని వెతుకులాట పేజీ ఒకటి వస్తుంది. పైన ఎప్పుడూ లేని బటన్ల పట్టీ కనబడుతుంది. ఏది వెతికినా ముందు నాలుగైదు వరుసలు ప్రకటనలే. ఏనాడూ ప్రకటనలు లేని సర్కారీ పేజీ మీద కూడా పెళ్ళిసంబంధాల బొమ్మలు, లాటరీ బొమ్మలు తేలుతుంటాయి. పాత పేజీని తిరిగి పెట్టుకుంటే ఆ పూటకు ఉంటుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే కొత్తదే వచ్చి కూర్చుంటుంది. ఇట్లా పోయి మళ్ళీ రావడమే హైజాకర్‌కు అసలైన గుర్తు. పొరపాటున మారిన సెట్టింగు అయితే ఒకసారి దిద్దితే దిద్దినట్టే ఉంటుంది.

పేజీ మారితే నష్టమేమిటి, కాస్త చికాకేగా అని కొందరంటారు. సరిహద్దుకు ఇటూ అటూ పొలాలున్న కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఇటు సాత్‌బారా కావాలి, అటు పహాణీ కావాలి. పిల్లల పరీక్షా ఫలితాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, రైలు టికెట్లు అన్నీ ఆ కిటికీలోంచే. వెతికిన పేరుకు సర్కారీ పేజీ ముందు రావలసిన చోట దాన్ని పోలిన మరో పేజీ వచ్చి, ఆధార్ సంఖ్య, ఫోన్ నంబరు, ఆపైన రుసుము అడిగితే, ఇచ్చేవాడు సర్కారుకే ఇస్తున్నాననుకుని ఇస్తాడు. అక్కడ పోయేది చికాకుతో సరిపోదు.

ఇక చరిత్రకు వద్దాం. కంప్యూటర్‌లో చొరబడే ప్రోగ్రాములు 1980లలోనే ఉన్నాయి. 1990లో మన దేశంలోనే బయటపడిన జోషి వైరస్ అని ఒకటుండేది. ఏటా జనవరి 5న కంప్యూటర్‌ను ఆపేసి, 'హ్యాపీ బర్త్‌డే జోషి' అని టైపు చేస్తే గాని వదిలేది కాదు. ఆ జోషి ఎవరో గాని, పేరు వింటే మన మహారాష్ట్రవాడే అనిపిస్తుంది. ఆ కాలపు వైరస్‌లు ఎక్కువగా ఇటువంటి కొంటెపనులు. చేసినవాడికి పేరు తప్ప పైసా రాదు. పుణెలో క్యాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణంతో మొదలుపెట్టిన కైలాస్ కాట్కర్, తమ్ముడు సంజయ్‌తో కలిసి క్విక్ హీల్ అనే వైరస్ మందును తయారుచేసింది కూడా ఆ 1990ల లోనే.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్‌ను మొదటిసారి విడుదల చేసింది కూడా అదే నెలలో. రెండేళ్ళ తర్వాత, 1997లో వచ్చిన నాలుగవ కూర్పులో ఆ బ్రౌజర్‌కు ఒక కొత్త వసతి చేర్చారు. బయటివాళ్ళు రాసిన చిన్న ప్రోగ్రాములు బ్రౌజర్‌లో చేరి, దానితో పాటు నడవవచ్చు. వాటికి బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్టులని పేరు, అంటే సహాయకులు. మంచి ఉద్దేశంతోనే ఆ తలుపు పెట్టారు. అటువంటి తలుపు మన తెలుగుకు కూడా మేలు చేసింది. తెలుగు పత్రికలు తలా ఒక ఫాంటు వాడి, అది లేనివాళ్ళకు అక్షరాలు గజిబిజిగా కనబడుతున్న రోజుల్లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో చేర్చుకునే పద్మ అనే పొడిగింపు ఆ అక్షరాలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చదివించేది. ఎంతోమంది దానివల్ల దూరదేశాల్లో తెలుగు చదువుకున్నారు. అదే రకం తలుపు దొంగకు కూడా పనికివచ్చింది.

దొంగకు అక్కడ ఏం దొరికింది? 1998లో అమెరికాలో గోటూ అనే కంపెనీ, ఎవరైనా ఒక మాట వెతికి ప్రకటన మీద నొక్కితే, ప్రకటనదారు దగ్గర నొక్కుకు ఇంత అని పైసలు తీసుకునే పద్ధతి తెచ్చింది. 2000లో గూగుల్ కూడా ప్రకటనల వ్యాపారంలోకి దిగింది. అప్పటినుంచి మనం టైపు చేసే ప్రతి మాటకు అంగడిలో ధర ఉంది. వెతికే పేజీ ఎవరిదైతే ఆ పైసలు వాళ్ళవి. ఆ చోటు విలువ ఎంతో ఒక్క లెక్కతో చెబుతాను. 2024 ఆగస్టులో అమెరికా న్యాయమూర్తి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పులో ఉన్న లెక్క ఇది. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగా తన వెతుకులాటే ఉండేట్టు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో ఇతర కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. చౌరస్తాలో దుకాణానికి పగడీ కట్టినట్టే. అంత పగడీ పలికే చోటును ఒక్క పైసా కట్టకుండా ఆక్రమించుకునేవాడే బ్రౌజర్ హైజాకర్.

2003లో వచ్చిన కూల్‌వెబ్‌సెర్చ్ ఈ రకంలో మొదటి పెద్ద పేరు. అది మొదటి పేజీని మార్చేది, వెతుకులాటను తన వైపు తిప్పుకునేది, ఏ పేరుకు ఏ చిరునామానో రాసి ఉండే హోస్ట్స్ అనే ఫైలులో తనకు కావలసిన వరుసలు చేర్చేది. తీసేసినకొద్దీ రూపం మార్చుకుని వచ్చేది. దానికి విరుగుడు ఏ పెద్ద కంపెనీ నుంచో రాలేదు. నెదర్లాండ్స్‌లో మెరైన్ బెల్లెకోమ్ అనే విద్యార్థి రెండు చిన్న ప్రోగ్రాములు రాసి ఉచితంగా ఇచ్చాడు. ఒకటి కూల్‌వెబ్‌సెర్చ్‌ను చీల్చేసేది. రెండోదాని పేరు హైజాక్‌దిస్. అది ఏది మంచో ఏది చెడో చెప్పేది కాదు. హైజాకర్లు దాక్కునే చోట్లన్నీ వెతికి, అక్కడ ఏమేమి ఉన్నాయో ఒక జాబితా ఇచ్చేది. చదివి నిర్ణయించుకోవలసింది మనుషులే. చదవడం రానివాళ్ళ జాబితాలను తెలిసినవాళ్ళు ఫీజు లేకుండా చదివిపెట్టేవారు. ఉత్తరం చదవడం రానివాళ్ళకు మా చిన్నప్పుడు పోస్ట్‌మ్యాన్ చదివిపెట్టినట్టు. 2007లో ట్రెండ్ మైక్రో అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది.

కూల్‌వెబ్‌సెర్చ్ చాలావరకు లొసుగుల్లోంచి దూరింది. దాని తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. లొసుగులు ఎందుకు వెతకాలి, మనిషినే అడిగితే సరిపోతుంది అనుకున్నారు. మీరు పాట వినే ప్రోగ్రామో, ఫైళ్ళు విప్పే ప్రోగ్రామో ఉచితంగా దింపుకుంటారు. పెట్టుకునేటప్పుడు నాలుగైదు తెరలు వస్తాయి, ప్రతి తెర కింద నెక్స్ట్ అని బటన్ ఉంటుంది. మూడో తెరలో చిన్న గడి, అందులో ముందే పెట్టిన టిక్కు, పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం: మీ మొదటి పేజీని, వెతుకులాటను మార్చడానికి ఒప్పుకుంటున్నారు. మనం నెక్స్ట్ నొక్కుతాం. దస్కతు అయిపోయింది.

ఈ పని చేసినవాళ్ళు చీకట్లో దాక్కున్నవాళ్ళని అనుకోకండి. లక్షలమంది వాడే జావా అనే ప్రోగ్రామును పెట్టుకునేటప్పుడు, ఒరాకిల్ అనే పెద్ద కంపెనీ ఏళ్ళ తరబడి ఆస్క్ టూల్‌బార్‌ను ఇట్లాగే ముందుగా టిక్కు పెట్టి అందించింది. 2015 దాకా ఇది నడిచింది. బాబిలోన్ అని ఇజ్రాయెల్‌లో 1997లో పుట్టిన నిఘంటువు ప్రోగ్రాము ఉంది. రెండు భాషల మధ్య బతికే నాలాంటివాడికి అటువంటిది చూస్తే నోరూరుతుంది. మాటకు అర్థం కోసం దాన్ని పెట్టుకున్నవాళ్ళకు తర్వాతి కాలంలో దాని టూల్‌బార్ కూడా వచ్చి, మొదటి పేజీని, వెతుకులాటను పట్టుకుని కూర్చునేది. కొత్త యంత్రం కొన్నా తప్పేది కాదు. 2014లో లెనోవో కంపెనీ తన ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామును ముందే పెట్టి అమ్మింది. అది చూసే పేజీల్లో ప్రకటనలు చొప్పించడమే కాక, బ్యాంకు పేజీలకు ఉండే తాళం గుర్తును కూడా నమ్మడానికి వీల్లేకుండా చేసింది. 2017లో 32 అమెరికా రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టి కంపెనీ ఆ కేసు పరిష్కరించుకుంది.

ఈ దస్కతు మాటను వాళ్ళు న్యాయస్థానంలో కూడా వాడుకున్నారు. జాంగో అనే ప్రకటనల కంపెనీ మీద అమెరికా వాణిజ్య కమిషన్ 2006లో చర్య తీసుకుంది. జనానికి సరిగ్గా చెప్పి, ఒప్పించి పెట్టలేదన్నది అభియోగం. 30 లక్షల డాలర్లు కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. తర్వాత అదే జాంగో, తన ప్రోగ్రామును అడ్డుకున్నందుకు కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ మీదనే దావా వేసింది. 2009లో అక్కడి అప్పీలు న్యాయస్థానం కాస్పర్‌స్కీ వైపే తీర్పునిచ్చింది. ఇటువంటి దావాల జంకు వల్లనే యాంటీవైరస్ కంపెనీలు వీటిని వైరస్ అని పిలవడానికి వెనకాడి, 'బహుశా అక్కరలేని ప్రోగ్రాము' అని నంగినంగిగా పేరు పెట్టాయి. మీ యాంటీవైరస్ ఎప్పుడైనా అంత మర్యాదగా మాట్లాడితే, దొంగ పక్కింట్లో లేడు, మీ ఇంట్లోనే ఉన్నాడని అర్థం.

మన ప్రాంతపు చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ పద్ధతి ఎక్కడో చూసినట్టే ఉంటుంది. సావుకారి కాగితం ఉర్దూలోనో మోడీలోనో రాసి ఉండేది. రైతుది తెలుగో, మరాఠీయో. అదీ నోటిమాట వరకే, చదువు లేదు. కాగితంలో ఏముందో సావుకారుకు తెలుసు, బొటనవేలు రైతుది. తర్వాత తగాదా వస్తే, నీ నిశానీ ఉంది కదా అనేవారు. టిక్కు పెట్టిన గడి ఆ నిశానీకి మనుమడు. మన జిల్లాలో చాలామంది కంప్యూటర్ నేర్చుకున్నది 2001లో మొదలైన ఎమ్మెస్‌సీఐటీ కోర్సుతో. ఉపాధ్యాయులం, గుమాస్తాలం, ఉద్యోగం కోసమని ఎంతోమందిమి ఆ తరగతులకు పోయాం. పేజీ తెరవడం, ఉత్తరం పంపడం అన్నీ నేర్చుకున్నాం. ఇంగ్లీషులో వచ్చే తెరను ఆగి చదవాలన్న అలవాటు మాత్రం ఏ కోర్సూ పట్టించలేకపోయింది. ఆ తెర మన భాషలో ఉండి ఉంటే ఇన్ని నిశానీలు పడేవా అన్నది నా సందేహం.

ఎన్ని నిశానీలు పడ్డాయో ఎవరైనా లెక్క కట్టారా అంటే, కట్టారు. 2015లో గూగుల్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చూస్తే, గూగుల్ పేజీలకు వచ్చేవాళ్ళలో 5 శాతానికి పైగా యంత్రాల్లో ప్రకటనలు చొప్పించే ప్రోగ్రాములు కనబడ్డాయి. 2017 జూన్‌లో చెక్‌పాయింట్ అనే భద్రతా కంపెనీ, ఫైర్‌బాల్ అనే హైజాకర్ ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలో ఉందని, అందులో 2 కోట్ల 53 లక్షలు భారతదేశంలోనే అని ప్రకటించింది. దాని వెనుక బీజింగ్‌లోని ప్రకటనల కంపెనీ రాఫోటెక్ ఉందని చెప్పింది. మైక్రోసాఫ్ట్ మాత్రం ఈ సంఖ్యను మరీ పెంచి చెప్పారన్నది. ఎవరి లెక్క ఎంతవరకు నిజమైనా, అది వచ్చిన దారి గురించి తగాదా లేదు. వేరే ప్రోగ్రాముతో జతగా వచ్చింది.

మన చట్టం సంగతి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 43వ సెక్షను, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో కలుషిత ప్రోగ్రామును చొప్పించడాన్ని తప్పుగా చెప్పింది. అనుమతి లేకుండా అన్న ఆ మాట దగ్గరే హైజాకర్ తన గడిని, టిక్కును చూపిస్తాడు. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. మన వ్యక్తిగత సమాచారం కోసం ఒప్పుదల అడిగేవాళ్ళు సాదా మాటల్లో అడగాలని, ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలివ్వాలని అందులో ఉంది. తెలుగు, మరాఠీ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. ఆ నియమం వ్యక్తిగత సమాచారం వరకే, ప్రతి ప్రోగ్రాము తెరకూ కాదు. అయినా నిశానీ ఏ భాషలో తీసుకున్నావన్న ప్రశ్న చట్టంలోకి ఎక్కింది. నాకు ఇది చిన్న సంగతిగా తోచదు.

ఇక తీసేసే పని. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ముందు బ్రౌజర్ జోలికి పోకండి. మొదటి పేజీ మార్చుకోవడంతో మొదలుపెట్టడం వల్లనే చాలామంది అలసిపోతారు. మొక్క పైన కోస్తే వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కు పోయి, యాప్స్ తెరిచి, పెట్టిన తేదీ వరుసలో చూడండి. పేజీ మారిన రోజుకు దగ్గరలో చేరిన పేర్లలో మీకు తెలియనివి ఉంటే వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీసేటప్పుడు కూడా తెరలు వస్తాయి, 'నన్ను ఉంచుకోండి' అని బతిమాలుతాయి. ఈసారైనా చదివి నొక్కండి. పేరు తెలియక సందేహం ఉంటే తీయకండి. ప్రింటరుకో ధ్వనికో కావలసిన ప్రోగ్రాము అయి ఉండవచ్చు. తెలిసినవాళ్ళను అడగండి.

ఆ తర్వాత బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్లు అన్న పేజీలో మీరు కోరి పెట్టుకోనివన్నీ తీసేయండి. వెతుకులాట ఎవరిది, తెరవగానే ఏ పేజీ అన్న రెండు సెట్టింగులు దిద్దండి. ఎవరూ చూడని చోటు ఒకటుంది, అక్కడ కాసేపు ఆగాలి. తెర మీద ఉండే బ్రౌజర్ బొమ్మ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న వరుస చూడండి. బ్రౌజర్ ప్రోగ్రాము పేరు తర్వాత ఏదైనా వెబ్‌సైటు చిరునామా తోక ఉంటే, బొమ్మ నొక్కిన ప్రతిసారీ ఆ పేజీయే తెరుచుకుంటుంది. తోక వరకు చెరిపేయండి. క్రోమ్‌లో 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కనబడితే, ఇంటి కంప్యూటర్‌కు సంస్థ ఎక్కడిదని ఆలోచించండి. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట వస్తుంది. అవేవీ లేకపోతే, హైజాకర్ లోపల గట్టిగా నాటుకున్నట్టు. అప్పుడు ఇంట్లో ప్రయోగాలు చేయకుండా తెలిసిన మనిషికి చూపించండి.

విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో పూర్తి తనిఖీ చేయించండి, అందులో కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచేటప్పుడు చేసే ఆఫ్‌లైన్ తనిఖీ కూడా ఉంది. క్రోమ్‌లో ఒకప్పుడు ఉన్న శుభ్రపరిచే పనిముట్టును 2023లో తీసేశారు. కాబట్టి పాత పుస్తకాల్లో చదివి దానికోసం వెతకకండి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా ఇటువంటి శుభ్రపరిచే పనిముట్లు ఉచితంగా ఇచ్చారు. వాటితో పాటు ఇచ్చిన భద్రతా పనిముట్లు కొన్ని మన హైదరాబాదు సీ-డాక్‌లో తయారైనవే. హైజాకర్ తొలగింపు అని వెతికితే ముందు వచ్చే ప్రకటనలోని మందు మాత్రం తాగకండి. దారి తప్పిన బండిలోనే కూర్చుని దారి అడిగినట్టు అవుతుంది. తెర మీద భయంకరమైన ఎర్ర అక్షరాలతో ఫోన్ నంబరు కనబడితే ఆ నంబరుకు ఫోన్ చేయకండి. ఇప్పటికే పైసలు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంత చేసినా వారం తర్వాత మళ్ళీ వచ్చిందని చెప్పేవాళ్ళు కొందరుంటారు. కారణం చాలాసార్లు సింక్. అంటే ఒకే ఖాతాతో ఇంట్లో కంప్యూటర్, కొడుకు ల్యాప్‌టాప్ రెండూ కలిపి ఉంటాయి. ఇక్కడ తీసిన ఎక్స్‌టెన్షన్ అక్కడినుంచి తిరిగి దిగుతుంది. కొడుకు పుణెలోనో హైదరాబాదులోనో చదువుకుంటుంటే, వాడికి ఫోన్ చేసి, అదే రోజు వాడి యంత్రంలో కూడా ఇదంతా చేయించండి. అప్పటిదాకా ఇక్కడ సింక్ ఆపి ఉంచండి. రెండుచోట్లా అయిపోయాక పాస్‌వర్డులు మార్చుకోండి, బ్యాంకుది ముందుగా.